ఆ నవ్వుకు కారణం స్పష్టంగా లేదు

"ఈ దేశంలో నిషేధించిన సినిమా అంటూ ఒక్కటీ లేదు. ఇంకా చోటు దొరకని సినిమాలు మాత్రమే ఉన్నాయి. ఆ చోటు నేను చూపిస్తాను!"

పార్లమెంటు సభ్యులు థాక్ గ్వాంగ్‌పిల్ గారు కొరియా రాజధాని సోల్ నగరంలో ఈ మాట ప్రకటించి చప్పట్లు కొట్టించుకుంటున్న సమయానికి, దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న గాల్దు ఊరి బడిలో ఓక్ మల్సున్ ఒకటో తరగతి బల్ల ముందు కూర్చుని తన పేరులో రెండో అక్షరం రాస్తోంది. ఆమెకి డెబ్బై ఎనిమిదేళ్లు.

ఆ వయసులో ఒకటో తరగతి ఏమిటని ఆ ఊళ్లో ఎవరూ అడగరు. అదీ థాక్ గారి చలవే. పదిమంది కంటే తక్కువ విద్యార్థులున్న బడిని మూసెయ్యాలని రూలు. గాల్దులో మిగిలిన ఆఖరి పిల్ల నిరుడు తల్లిదండ్రులతో పట్నం వెళ్లిపోయింది. "నా నియోజకవర్గంలో బడి మూతపడదు" అని థాక్ గారు మాటిచ్చారు. మాటిచ్చిన వారం లోపే, చిన్నతనంలో బడి గడప తొక్కని ముసలమ్మల్ని పదిమందిని ఏరి, మెడలో పసుపుపచ్చ రుమాళ్లు కట్టించి, బడిలో వేసి, మధ్యలో నిలబడి ఫోటో దిగారు. విద్యార్థుల సగటు వయసు డెబ్బై ఆరు. మిగతా బళ్లలో సైకిళ్లు పెట్టుకునే చోట ఇక్కడ చంటిపిల్లల తోపుడు బళ్లు పది వరసగా ఉంటాయి. వాటిలో పిల్లలుండరు. మోకాళ్లు పట్టేసిన వాళ్లు వాటిని ఆసరాగా తోసుకుంటూ బడికొస్తారు.

థాక్ గారు చోటు చూపిస్తానన్న సినిమా పేరు 'వెచ్చని నీళ్లు'. అందులో ఉన్నది మల్సునే. హాగ్యోంగ్ అనే దర్శకురాలు రెండేళ్లు ఆ ఊళ్లో గది తీసుకుని ఉండి, మల్సున్‌నీ, మంచాన పడ్డ ఆమె భర్త చిల్‌బోక్‌నీ పెట్టి సినిమా తీసింది. చివర్లో మల్సున్ భర్తకి స్నానం చేయిస్తుంది. పదకొండు నిమిషాలు. కెమెరా కదలదు. ఆ సినిమాకి విదేశాల్లో బహుమతి వచ్చింది. స్వదేశంలో కమిటీ వచ్చింది.

ఏ సినిమా ఎవరు చూడాలో తేల్చే ఆ సెన్సారు కమిటీ పంపిన కాగితాన్ని మల్సున్ బడికి తెచ్చుకుంటే, ప్రధానోపాధ్యాయుడు మ్యోంగ్ మాస్టారు క్లాసులో పైకి చదివి వినిపించారు.

"'పదకొండు నిమిషాల సేపు ఒక వృద్ధుడి ఒంటి మీద బట్టల్లేవు. ఇంతవరకు సహించవచ్చు. కానీ తొమ్మిదో నిమిషంలో సదరు వృద్ధుడు నవ్వాడు. ఆ నవ్వుకు కారణం స్పష్టంగా లేదు. ప్రజల మనోభావాలకు భంగం కలిగే ప్రమాదం ఉన్నందున ఈ చిత్రానికి పరిమిత ప్రదర్శన తరగతి కేటాయించడమైనది.'"

పరిమిత ప్రదర్శన అంటే నిషేధం కాదు. ఆ తరగతి సినిమాల కోసం లైసెన్సు తీసుకున్న ప్రత్యేకమైన హాల్లో హాయిగా ఆడించుకోవచ్చు. అలాంటి హాలు దేశం మొత్తంమీద ఒక్కటీ లేదు, అంతే.

మల్సున్ పెన్సిలు కింద పెట్టింది. "నవ్వాడా? మా ఆయనా?"

"అలా రాశారు, మామ్మగారూ."

"సరిగ్గా చదవండి సార్. ఇంకెవరి మొగుడో అయ్యుంటాడు."

చిల్‌బోక్‌తో ఆమె కాపురం యాభై రెండేళ్లు. అందులో ఆయన నవ్విన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టినా కొన్ని వేళ్లు మిగులుతాయి. మంచాన పడ్డ నాలుగేళ్లలో అదీ లేదు. ఆ స్నానం సీను తీస్తున్నప్పుడు ఆమె వెనక కూర్చుని వీపు రుద్దుతోంది. ఆయన మొహం కెమెరాకి కనిపించింది గానీ ఆమెకి కనిపించలేదు. ఆ తరవాత మూడు వారాలకి, ఓ పొద్దున ఆమె బార్లీ నీళ్లు కాచి తెచ్చేసరికి ఆయన వెళ్లిపోయాడు. చెప్పి వెళ్లలేదు. ఆ గిన్నె అలా చేతిలో పట్టుకునే ఆమె పొద్దెక్కేదాకా నిలబడిపోయింది.

ఇప్పుడేమో నవ్వాడంటున్నారు. అదీ ప్రభుత్వం వారు అంటున్నారు.

హాగ్యోంగ్‌కి ఫోను చేసింది. "ఆ ఒక్క ముక్కా నాకు నీ ఫోనులో చూపించవే తల్లీ. ఎవరికీ చెప్పను."

"ఒక్కరు చూసినా అది ప్రదర్శనే అని నా చేత సంతకం పెట్టించుకున్నారు మామ్మా. లైసెన్సు హాల్లో తప్ప చూపిస్తే జన్మలో ఇంకో సినిమా తియ్యనివ్వరు."

పిల్ల నోటికాడ కూడు తియ్యడం మల్సున్‌కి ఇష్టం లేదు. థాక్ గారు చోటు చూపించేదాకా ఆగుదామనుకుంది.

థాక్ గారు ఆగే మనిషి కాదు. కాకపోతే అలాంటి హాలుకీ బడి గేటుకీ మధ్య రెండు వందల మీటర్లు ఉండాలి. సోల్‌లో ఎక్కడ టేపు పెట్టినా ఆ చివర ఏదో ఒక బడి తగులుతోంది. దేశమంతా వెతికించి చివరికి తన సొంత నియోజకవర్గంలోనే, గాల్దులో, తినే సముద్రపు నాచు అట్టలు ఎండబెట్టే పాత షెడ్డు ఒకటి పట్టారు. ఇంజనీరు టేపు లాగాడు.

"నూట ఎనభై ఎనిమిదండి. పన్నెండు మీటర్లు తక్కువ."

"షెడ్డు కాస్త అటు జరపండి."

"సిమెంటు షెడ్డండి."

"పోనీ బడి జరపండి."

"బడి కూడా సిమెంటేనండి."

థాక్ గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. కొలత బడి నుంచి కాదు, గేటు నుంచి! మూడో రోజుకల్లా బడి ముందు గేటు ఉన్న చోట గోడ లేచింది. వెనక కొండవైపు కొత్త గేటు పెట్టారు. ఇప్పుడు రెండు వందల ముప్పై మీటర్లు. చట్టం ఊపిరి పీల్చుకుంది. ముసలమ్మలు మాత్రం ఆ రోజు నుంచి తోపుడు బళ్లు తోసుకుంటూ కొండ చుట్టి బడికి రావలసి వచ్చింది.

"ఏమే మల్సున్" అంది పక్క బల్ల మీద కూర్చునే జొమ్రే, ఆయాసపడుతూ. "బతికుండగా మీ ఆయన ఎవరి జోలికీ పోయేవాడు కాదు. పోయాక ఊరందర్నీ కొండ చుట్టూ తిప్పుతున్నాడు."

"నేను తిప్పమన్నానా అక్కా?"

"ఆయన ఓ తువ్వాలు కట్టుకుని కూర్చునుంటే నా మోకాళ్లు మిగిలేవి."

హాలు ప్రారంభానికి ఊరంతా కదిలింది. అలాంటి హాలు బయట బోర్డు గానీ, పోస్టరు గానీ, సినిమా పేరు గానీ ఉండకూడదని రూలు. ప్రారంభోత్సవం అన్నాక ఏదో ఒకటి ఆవిష్కరించాలి కదా. థాక్ గారు తాడు లాగారు. పట్టు తెర పక్కకి జరిగింది. వెనక ఖాళీ గోడ. అందరూ చప్పట్లు కొట్టారు. సోల్ నుంచి వచ్చిన విలేకరులు ఆ గోడని నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకున్నారు.

తరవాత థాక్ గారు మల్సున్ చెయ్యి పట్టుకుని మైకు ముందుకి తీసుకొచ్చారు.

"ఈ మామ్మగారే మన సినిమా నాయిక! అంతేనా? నేను బతికించిన బడిలో ఒకటో తరగతి విద్యార్థిని! కళా చదువూ ఒకే మనిషిలో!"

చప్పట్ల మధ్యలో ఒక చెయ్యి పైకి లేచింది. అది యోమ్ గారిది. కమిటీ తరఫున పరిశీలకుడిగా వచ్చారు. సన్నటి మనిషి, చంకలో నోటు పుస్తకం.

"విద్యార్థినా?" అన్నారు.

"సాక్షాత్తూ!" అన్నారు థాక్ గారు.

"అయితే లోపలికి పంపకూడదండి." యోమ్ గారు రూలు చదివారు. "'పద్దెనిమిదేళ్లు నిండని వారికీ, బడి రిజిస్టరులో పేరున్న వారికీ ప్రవేశం లేదు.'"

మల్సున్ వెనక నిలబడ్డ తొమ్మిది మంది ఒక్కసారే మెడలో రుమాళ్లు తడుముకున్నారు.

"సినిమాలో ఉన్నదే ఆవిడ కదండీ" అంది హాగ్యోంగ్.

"సినిమాలో ఉండటానికి అభ్యంతరం లేదు. చూడటానికే."

థాక్ గారు మ్యోంగ్ మాస్టారుని పిలిచారు. "ఈవిడ పేరు కొట్టెయ్యండి."

"తొమ్మిది మందే అవుతారండి. సాయంత్రం అయిదింటికి జిల్లా ఆఫీసు కంప్యూటరు అన్ని బళ్ల రిజిస్టర్లూ చూసుకుంటుంది. పదికి తగ్గితే బడి మూత."

"ఇవాళ్టికి సెలవు చీటీ రాయించండి."

"సెలవులో ఉన్నా విద్యార్థినే" అన్నారు యోమ్ గారు.

"బడి నుంచి గెంటేస్తేనో?"

"నిర్బంధ విద్యండి. గెంటడానికి వీల్లేదు" అన్నారు మాస్టారు.

"ఇప్పటికిప్పుడు పాసు చేసేస్తే?"

"పాసైతే పై బడిలో చేరాలి. అదీ నిర్బంధమే." మాస్టారు గొంతు తగ్గించారు. "పైగా ఆవిడకి ఇంకా గుణింతాలు పూర్తి కాలేదు."

అంతా నీరుగారిపోయారు. మల్సున్ నేల చూపులు చూస్తోంది. అప్పుడు థాక్ గారి మొహం వెలిగింది.

"బదిలీ! పక్క ఊరి బడికి బదిలీ చెయ్యండి. ఇక్కడ పేరు తీశాక, అక్కడ ఎక్కించే లోపల ఆవిడ ఏ బడిలో ఉన్నట్టు?"

"ఏ బడిలోనూ లేనట్టండి."

"ఆ సందులో సినిమా! అవగానే మనసు మార్చుకుందని మళ్లీ మీ బడిలోనే వేసెయ్యండి."

యోమ్ గారు రూలు పుస్తకం ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిప్పారు. అభ్యంతరం దొరకలేదు. నొచ్చుకుంటూ ఒప్పుకున్నారు. మధ్యాహ్నం రెండింటికి పేరు తియ్యాలి, నాలుగున్నరకి మళ్లీ ఎక్కించాలి. మాస్టారు మడత కంప్యూటరు తెచ్చి హాలు బయట స్టూలు మీద పెట్టుకున్నారు. మల్సున్ రుమాలు విప్పి జొమ్రే చేతికిచ్చింది. రెండున్నర గంటలకే అయినా జాగ్రత్తగా మడిచి ఇచ్చింది.

"వెళ్లిరావే" అంది జొమ్రే. "మీ ఆయన్ని అడిగానని చెప్పు. నా మోకాళ్లు కూడా అడిగాయని చెప్పు."

లోపల నాచు వాసన ఇంకా పోలేదు. థాక్ గారు తెర ముందు నిలబడి, భావ ప్రకటనా స్వేచ్ఛకి హద్దులుండకూడదన్న విషయం మీద మాట్లాడారు. ఆ మాటలకీ హద్దుల్లేవు. గంటా అయిదు నిమిషాలు పట్టింది. ముగించి, చేతి గడియారం చూసుకుని, వెంట వచ్చిన వాళ్లందర్నీ తీసుకుని పక్క ఊళ్లో వంతెన ప్రారంభానికి వెళ్లిపోయారు. ఆయన సినిమా చూడలేదు. సినిమా చూసి అభిప్రాయం ఏర్పరచుకోవడం పక్షపాతమని ఆయన నమ్మకం.

నూట ఇరవై కుర్చీల హాల్లో మల్సున్, హాగ్యోంగ్, టార్చిలైటుతో యోమ్ గారు మిగిలారు.

తెర మీద తన వంటిల్లు, తన కిమ్చీ పచ్చడి జాడీలు, తన ఎర్ర ప్లాస్టిక్ బేసిను. తలుపు దగ్గర ఆయన చెప్పులు. ఆ చెప్పులు ఎప్పుడు పారేసిందో మల్సున్‌కి గుర్తు రాలేదు. నాలుగూ ఇరవై రెండుకి స్నానం మొదలైంది. తెర మీది మల్సున్ మోచేత్తో నీళ్ల వేడి చూసింది. ఆయన భుజాలు తడిశాయి. ఒక నిమిషం. అయిదు. ఏడు. కుర్చీలోని మల్సున్ ముందుకి వంగింది.

మొహం మీద టార్చి వెలుతురు పడింది.

"విద్యార్థినీ" అన్నారు యోమ్ గారు. "టైమైంది. బయటికి రావాలి."

"ఒక్క నిమిషం నాయనా. ఒక్కటంటే ఒక్కటే."

"ఆ నవ్వు ఉన్నది ఆ నిమిషంలోనేనండి."

తలుపు సందులోంచి మాస్టారు కనిపిస్తున్నారు. స్టూలు మీద కంప్యూటరు, దాని మీద ఆయన వేలు. ఆయన వెనక తొమ్మిది తోపుడు బళ్లు. జొమ్రే తన మెడలో రెండు రుమాళ్లు కట్టుకుని ఇటే చూస్తోంది. జొమ్రేకి కొడుకు పేరు రాయడం వచ్చింది, కోడలి పేరు ఇంకా రాలేదు. అది వస్తే ఉత్తరం రాస్తానని ఏడాదిగా అంటోంది.

మల్సున్ లేచింది. తెర వైపు చూడకుండా నడిచింది. చూస్తే కాళ్లు కదలవని తెలుసు. తలుపు మూసుకుంది. మాస్టారు మీట నొక్కారు. ఆమె మళ్లీ ఒకటో తరగతి అయింది.

అప్పుడే తలుపు అవతల నుంచి వినిపించింది. "హుఁ... హుఁ హుఁ."

మల్సున్ మొహం పాలిపోయింది.

"అది నవ్వు కాదు" అంది. "చారు నోరు కాల్చినా ఆయన ఇలాగే హుఁ హుఁ అని మింగేసేవాడు. నీళ్లు కాలాయి. నేను ఎక్కువ కాచేశాను."

యోమ్ గారు నోటు పుస్తకం తీశారు. "ఇంకోసారి చెప్పండి."

పది రోజుల్లో కమిటీ తీర్మానం వచ్చింది. మాస్టారు క్లాసులో చదివారు. "'తొమ్మిదో నిమిషంలోని శబ్దం నవ్వు కాదనీ, వేడినీళ్ల వల్ల కలిగినదనీ ప్రత్యక్ష సాక్షి తెలిపారు. కారణం స్పష్టమైనది. వేడినీళ్ల వల్ల ప్రజల మనోభావాలకు భంగం లేదు. అన్ని వయసుల వారూ చూడదగినది. నీళ్లు సరిచూసుకుని పోసుకోవాలన్న సందేశం ఉన్నందున పిల్లలకు ప్రత్యేకంగా సిఫారసు చేయడమైనది.'"

పరిమిత ప్రదర్శన హాల్లో పరిమిత ప్రదర్శన సినిమాలే ఆడాలి. పిల్లల సినిమా ఆడితే లైసెన్సు రద్దు. అందుకని షెడ్డుకి తాళం పడింది. మామూలు హాళ్ల వాళ్లని అడిగితే, "ఏ గొడవా లేని ముసలాళ్ల సినిమా ఎవరు చూస్తారమ్మా?" అని హాగ్యోంగ్‌ని పంపేశారు. "చెప్పానా, నిషేధం లేదని!" అని థాక్ గారు పేపర్లకి ప్రకటన ఇచ్చారు.

మల్సున్ అన్నం మానేసినంత పని చేసింది. బడికొస్తోంది, రాస్తోంది, ఎవరితోనూ మాట్లాడటం లేదు. జొమ్రే ఎండబెట్టిన పండ్ల ముక్కలు ముందు పెట్టి కూర్చుంది.

"కాలితే అరిచుండేవాడు కదే."

"ఆయన అరవడక్కా. అరిచే మనిషైతే నాకీ బాధెందుకు? ఆఖరి స్నానం ఒళ్లు కాల్చి పంపించాను. పోయేముందు ఏమీ చెప్పలేదని ఆయన మీదే కోపం పెట్టుకున్నాను. చెప్పడానికి ఇదే ఉందేమో."

జొమ్రే ఆ ముక్కలు ఇంకాస్త ముందుకి జరిపింది. ఓ ముక్క తీసి తనే తినేసింది.

ఆ శనివారం హాగ్యోంగ్ సోల్ నుంచి బస్సులో దిగింది. సంచిలో చిన్న ప్రొజెక్టరు ఉంది.

"మామ్మా, కమిటీ వారు పిల్లలకి సిఫారసు చేశారుగా. మీ బళ్లో పిల్లలున్నారుగా!"

క్లాసు రూములో కర్టెన్లు వేసి, నల్లబల్ల మీద దుప్పటి కట్టారు. పదిమంది ఒకటో తరగతి పిల్లలు బల్లల ముందు సర్దుకున్నారు. బట్టల్లేని చిల్‌బోక్ కనిపించగానే వెనక బల్ల నుంచి, "అబ్బో, బానే ఉన్నాడే మనిషి!" అని ఒకరు అన్నారు. మాస్టారు బల్ల మీద బెత్తంతో కొట్టారు.

తొమ్మిదో నిమిషం వచ్చింది.

దుప్పటి మీది మల్సున్ వీపు రుద్దుతూ ఏదో సణుగుతోంది. ఏ మాటలో స్పష్టంగా వినపడదు. ఆ సణుగుడు వింటున్న చిల్‌బోక్ మొహం ముందు మామూలుగానే ఉంది. తరవాత కళ్ల పక్కన గీతలు లేచాయి. పై పెదవి వణికింది. ముందరి పన్ను లేని నోరు కొంచెం తెరుచుకుంది. "హుఁ... హుఁ హుఁ." భుజాలు ఊగాయి. వెనకనున్న మనిషికి తెలియకూడదన్నట్టు తడి చేత్తో నోరు మూసుకున్నాడు.

తొమ్మిది మెడలు మల్సున్ వైపు తిరిగాయి.

"ఇంకోసారి" అంది మల్సున్. హాగ్యోంగ్ వెనక్కి తిప్పింది. "ఇంకోసారి." అయిదుసార్లు చూసింది. అయిదోసారి ఆమె మొహం చెవుల దాకా ఎర్రబడింది.

జొమ్రే చెవిలో అడిగింది. "ఏమన్నావే? ఎందుకు నవ్వాడు?"

"నీకెందుకు?"

"చెప్పవే, చచ్చేలోపల వినిపోతాను."

"చచ్చాక ఆయన్నే అడుగు."

సోమవారం మల్సున్ గీతల కాగితం తీసుకుని కమిటీకి ఉత్తరం రాయడానికి కూర్చుంది. నాలుగు రోజులు పట్టింది. అది ఆమె జీవితంలో రాసిన మొదటి ఉత్తరం.

"అయ్యలారా. నేను తప్పు చెప్పాను. మీరు మొదట రాసిందే సరి. మా ఆయన నవ్వాడు. నీళ్లు కాలలేదు. కారణం నాకు తెలుసు. మీకు చెప్పను. ఓక్ మల్సున్, ఒకటో తరగతి."

"ఇది పంపాలా మామ్మగారూ?" అన్నారు మాస్టారు. "ఇప్పుడంతా సర్దుకుంది కదా."

"సర్దుకోవడమేంటి సార్? మా ఆయన నవ్వలేదని సర్కారు వారి కాగితం మీద ఉంది. ఉండనిస్తామా?"

మాస్టారు ఒక్క అక్షరం కూడా దిద్దకుండా స్టాంపు అంటించారు.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. సదరు నవ్వుకు కారణం ఉన్నదనీ, దానిని ఉద్దేశపూర్వకంగా దాచుతున్నారనీ ఏకగ్రీవంగా తేల్చింది. అందువల్ల పరిమిత ప్రదర్శన తరగతి తక్షణం పునరుద్ధరించడమైనది. షెడ్డు తాళం తీశారు. థాక్ గారు రెండోసారి వచ్చి, రెండోసారి పట్టు తెర లాగి, అదే ఖాళీ గోడని జాతికి అంకితం చేశారు. గోడకి ఈసారి సున్నం కూడా వేయించారు.

కొండ చుట్టి బడికి పోయే దారిలో తోపుడు బండి తోసుకుంటూ మల్సున్ కనిపిస్తే, థాక్ గారు మైకులోనే పిలిచారు.

"మామ్మగారూ! రండి, రండి! మీ సినిమాయే!"

గుమ్మంలో ఉన్న యోమ్ గారు గొంతు సవరించుకున్నారు. "విద్యార్థినండి."

"వద్దులే బాబూ" అంది మల్సున్. "బడికి టైమైంది."

రుమాలు సర్దుకుని బండి కదిలించింది. నాలుగడుగులు వేశాక భుజాలు ఊగాయి. చేత్తో నోరు మూసుకుంది. అయినా గాలికి ఇటువైపు వినిపించింది.

యోమ్ గారు నోటు పుస్తకం తీశారు.